కూజా బొమ్మ కేసు

ఒకే కూజాను ఇద్దరు మనుషులు చూసినప్పుడు అది రెండు వేర్వేరు కూజాలుగా కనబడి తీరాలనీ, అలా కనబడని పక్షంలో ఆ ఇద్దరిలో ఒకరు దొంగ అనీ కమ్యూనిటీ కాలేజీ పాలకవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది. (తీర్మానం మీద సభ్యులందరూ ఒకే పెన్నుతో, ఇంచుమించు ఒకేలాంటి సంతకాలు చేశారు. అది వేరే విషయం.) మనిషి గుహ గోడల మీద ఎద్దుల బొమ్మలు గీసిన నాటి నుంచీ కళాప్రపంచాన్ని పట్టి పీడిస్తున్న సమస్య దీంతో శాశ్వతంగా పరిష్కారమైందని ప్రిన్సిపాల్ గారు నోటీసు బోర్డు మీద ప్రకటించారు. ఆ సమస్య ఏమిటో మాత్రం నోటీసులో రాయలేదు.

ఇంత గొప్ప తీర్మానానికి మూలకారణం ఒక డిస్కౌంటు. వ్యాసాల క్లాసులో పిల్లలు ఎక్కడెక్కడివో ఎత్తి రాస్తున్నారని, వాళ్ళను పట్టుకోవడానికి 'అద్వితీయ' అనే సాఫ్ట్‌వేర్ కొనబోయారు. ఒక్క విభాగానికి కొంటే ఒక ధర, కాలేజీ మొత్తానికి కొంటే అందులో సగం అన్నాడు అమ్మేవాడు. భాగం కంటే మొత్తం ఎలా చవకైందని లెక్కల విభాగం వారు కూడా అడగలేదు. అలా వ్యాసాలతో పాటు వెల్డింగు, కుట్టుపని, నర్సింగు, దృశ్యకళ అన్నీ అద్వితీయ పరిధిలోకి వచ్చేశాయి. వెల్డింగు విభాగంలో అతుకులన్నీ ఒకేలా ఉన్నాయని మొదటి వారంలోనే అందరినీ ఫెయిల్ చేశారు. నర్సింగులో విరిగిన చేతికి అందరూ ఒకే రకంగా కట్టు కట్టారన్న ఆరోపణ మీద విచారణ ఇంకా నడుస్తోంది.

మన కథ 'దృశ్యకళ, డిజిటల్ డిజైన్' అనే సర్టిఫికెట్ కోర్సులో జరిగింది. ఇందులో మొదటి ఏడాది బొగ్గు ముక్క, కాగితం. రెండో ఏడాది కంప్యూటర్, డిజిటల్ పెన్ను. రెండు ఏళ్ళకూ నడుమ ఒక కూజా. పింగాణీది, తెల్లగా, కాస్త బొజ్జతో, ఒకవైపు పిడితో ఉంటుంది. డ్రాయింగ్ మాస్టారు ఉద్యోగంలో చేరిన కొత్తలో తెచ్చి బల్ల మీద పెట్టారు. అప్పటి నుంచీ ఏ బ్యాచ్ వచ్చినా దాని చుట్టూ కూర్చుని దాన్నే గీస్తుంది. కూజా సరిగ్గా గీయడం రానివాడి చేతికి కంప్యూటర్ ఇస్తే ఇద్దరూ పాడైపోతారని మాస్టారి నమ్మకం. "తెలిసింది గీయకండి, కనబడింది గీయండి" అని ఆయన ఏటా ఒకే పాఠం, ఒకే మాటల్లో చెప్తారు. (అద్వితీయకు చెవులు లేవు కాబట్టి ఆయన బతికిపోయారు.)

మాస్టారికి ఇంకో బలహీనత ఉంది. విద్యార్థులు గీసిన కాగితం ఒక్కటి కూడా పారేయలేరు. స్టోర్ రూమంతా నేల నుంచి కప్పు దాకా కూజాలే. ఆ కట్టలన్నీ దుమ్ము దులిపి, స్కాన్ చేసి, అద్వితీయకు మేపారు. అది తృప్తిగా తిని కూర్చుంది.

ఇక ఆ క్లాసులో కిటికీ పక్క సీటు చూడండి. అక్కడ కూర్చున్నావిడే మన కథకు ముఖ్యం. తోటి విద్యార్థులంతా ఆమె కూతురి ఈడువాళ్ళు. మొదటిరోజు టీచరేమో అనుకుని లేచి నిలబడ్డారు. కాదని తెలిశాక ఏమని పిలవాలో తోచక పిన్నీ అన్నారు. అదే ఖాయమైపోయింది కనుక మనమూ అలాగే పిలుద్దాం. పగలంతా పళ్ళ డాక్టరు గారి దగ్గర రిసెప్షన్‌లో కూర్చుని, దవడ పట్టుకుని వచ్చినవాళ్ళతో "ఇప్పుడే పిలుస్తారండీ, కూర్చోండి" అని అబద్ధం చెప్పడం ఆమె ఉద్యోగం. సాయంత్రం కాలేజీ. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయాలని చిన్నప్పటి నుంచీ కోరిక. ఆ పనంతా ఇప్పుడు కంప్యూటర్ మీదే జరుగుతుందని కూతురు చెప్పింది. కంప్యూటర్ రెండో ఏట్లో ఉంది. రెండో ఏటికి కూజా అడ్డం.

నిజానికి పిన్ని ఈ కోర్సులో చేరడం ఇది రెండోసారి. ఇరవై ఏళ్ళ కిందట ఒకసారి చేరింది. పెళ్ళై, కూతురు కడుపులో పడ్డాక, బొగ్గు చెదరకుండా బొమ్మ మీద కొట్టే మందు వాసనకు వాంతులు పట్టుకున్నాయి. పుట్టాక వద్దువుగానిలే అన్నారు ఇంట్లో. పుట్టింది, నడిచింది, బడికెళ్ళింది, కాలేజీలో కూడా చేరింది. అప్పుడు వీలైంది. అయితే మధ్యలో మానేసినవాళ్ళను మళ్ళీ చేర్చుకునేది జీవితంలో ఒక్కసారేనని నిబంధన. ఈసారి కూజా గట్టెక్కకపోతే ఇక అంతే. కంప్యూటర్ సంగతి అటుంచితే, తనకు నిజంగా బొమ్మ వేయడం వచ్చా, లేక వచ్చని ఊరికే అనుకుంటోందా అని తెలిసినవాళ్ళెవరైనా ఒక్క మాట చెబితే బాగుండునని ఆమె ఆశ. ఇరవై ఏళ్ళుగా ఆ మాట కోసమే లోపల ఒక కుర్చీ ఖాళీగా ఉంచుకుంది.

ఆ ఏటి మొదటి కూజాలు అప్‌లోడ్ అయిన సాయంత్రమే ఫలితాలు వచ్చాయి. క్లాసుకు క్లాసంతా దొంగలే. ప్రతివారూ తాము పుట్టక ముందు చదువుకుని వెళ్ళిపోయినవాళ్ళ దగ్గర కాపీ కొట్టారు. ఒక పిల్ల అయితే కూజా పొట్ట ఒకరి దగ్గర, పిడి ఇంకొకరి దగ్గర, నీడ మరొకరి దగ్గర ఎత్తేసిందని తేలింది.

మాస్టారు పరుగుపరుగున సొంతతనాధికారి గదికి వెళ్ళారు. సొంతతనాధికారి అన్నది కొత్తగా సృష్టించిన పదవి. ఆయన అంతకుముందు సైకిల్ స్టాండు చూసుకునేవారు. ఏది ఎవరిదో తేల్చడంలో అపారమైన అనుభవం ఉందని ఇక్కడికి మార్చారు. మంచి మనిషి, మెత్తగా మాట్లాడతారు.

"సార్, అందరూ ఒకే కూజాను చూసి గీశారండీ. ఒకేలా రాక ఇంకెలా వస్తుంది?" అన్నారు మాస్టారు.

"కూజా ఒకటే. నేను కాదనను. కానీ చూపు ఎవరిది వాళ్ళదే కదా మాస్టారూ?"

"ఎవరు చూసినా దాని పొట్ట గుండ్రంగానే కదండీ ఉంటుంది!"

"అందరికీ గుండ్రంగానే ఉంటుందని మీరే అంటున్నారు" అంటూ అధికారి రాసుకున్నారు. "అయితే ఇది విడివిడి దొంగతనాలు కావన్నమాట. ముఠా."

మాస్టారు వెనక్కి వచ్చి కూజా ముందు చాలాసేపు కూర్చున్నారు. ఆయనకు దాన్ని చూస్తే మొదటిసారి అనుమానం వేసింది.

మర్నాడు 'కూజా దర్శన నియమావళి' వెలువడింది. పాత బొమ్మలను బట్టి ఇంతవరకూ కూజాను ఏయే వైపుల నుంచి చూశారో అద్వితీయ లెక్కతీసింది. ఆ స్థానాలన్నిటికీ నేల మీద ఎర్ర టేపు అంటించి, అక్కడ కూర్చోవడం నిషేధించారు. మనిషి మామూలుగా కూర్చోగలిగిన చోటల్లా టేపు పడింది. మిగిలినవి బల్ల కింద, బీరువా మీద, తలుపు సందు. ఇంకొకటి వరండాలోంచి వెంటిలేటర్ గుండా. వీటిని లాటరీ తీసి పంచారు. సమాన అవకాశాల కోసం బీరువాకు నిచ్చెన వేశారు.

బల్ల కిందికి వెళ్ళినవాళ్ళకు కూజా కనబడలేదు. మాస్టారి మాట మీద గౌరవం ఉన్న పిల్లలు కాబట్టి కనబడిందే గీశారు. ఏళ్ళ తరబడి ఎవరెవరో నమిలి బల్లకు అంటించిన చూయింగ్ గమ్. మాస్టారు ఆ బొమ్మలు చూసి చలించిపోయారు. కానీ రెండో వారానికల్లా ఆ గమ్ముల్లోనూ పోలికలు దొరికాయి.

ఈ కల్లోలంలో ఒక్కడు మాత్రం నెగ్గుకొచ్చాడు. ఎప్పుడూ చెవుల్లో ఇయర్‌ఫోన్లతో ఉండే అబ్బాయి ఒకడు తన మోటార్ సైకిల్ గీసి, కింద 'కూజా' అని రాసి అప్‌లోడ్ చేశాడు. అద్వితీయ దాన్ని తన కూజాలన్నిటితో పోల్చి చూసి, పోలిక సున్నా అని తేల్చింది. కాలేజీ చరిత్రలో ఇంత స్వచ్ఛమైన కూజా రాలేదని సొంతతనాధికారి ప్రశంసాపత్రం ఇచ్చారు.

"బాబూ, నిజం చెప్పు, ఇది కూజానా?" అని మాస్టారు వరండాలో అతన్ని ఆపి అడిగారు.

"తెలీదు సార్. పాసైంది" అన్నాడు అతను ఒక ఇయర్‌ఫోన్ తీసి. రెండో ఏడు కంప్యూటర్ ల్యాబ్‌లో అతనికి అప్పటికే సీటు ఇచ్చేశారు. (వాడిని చూసి మోటార్ సైకిళ్ళు గీసినవాళ్ళందరూ పట్టుబడ్డారు.)

లాటరీలో పిన్నికి బల్ల కింద వచ్చింది. ఆమె మోకాళ్ళు ఒప్పుకోలేదు. ఆరోగ్య కారణాల మీద మినహాయింపు కావాలంటే డాక్టరు సర్టిఫికెట్ తెమ్మన్నారు. ఆమెకు తెలిసిన డాక్టరు ఒక్కరే. ఆయన నోరు తెరిపించి చూసి, ఈమె మోకాళ్ళు వంగవని సంతకం పెట్టి సీలు వేశారు. సీలు స్పష్టంగా ఉంది కాబట్టి కాలేజీ వారు వెంటనే ఆమోదించి, ఆమె ఒక్కదానికి టేపు తీసి, కిటికీ పక్క సీటు ఇచ్చారు.

అక్కడ కూర్చుని పిన్ని కూజాను గీసింది. తెల్లటి పింగాణీని నల్లటి బొగ్గుతో గీయడమంటే తెలుపును ఎక్కడా ముట్టుకోకుండా చుట్టూ నలుపు నింపుకుంటూ రావడమే. సాయంకాలపు వెలుగు కిటికీలోంచి వచ్చి కూజా బొజ్జ మీద పడుతోంది. పిన్ని ఊపిరి బిగబట్టి, చూపుడువేలి కొసతో నీడను కొంచెం కొంచెం మెత్తబరిచింది. ఇంట్లో కూర సంగతి, క్లినిక్‌లో రేపటి అపాయింట్‌మెంట్ల సంగతి అన్నీ మరిచిపోయింది. మాస్టారు వెనకాల వచ్చి నిలబడి "ఊఁ" అన్నారు. అంతే. ఆ ఒక్క "ఊఁ"ను బస్సులో ఇంటిదాకా పదేపదే తలుచుకుని, టిక్కెట్ తీసుకోవడం కూడా మరిచిపోయింది.

ఫలితం వచ్చింది. పాత బొమ్మ ఒకదానితో పోలిక తొంభై ఎనిమిది శాతం. అద్వితీయ పుట్టినప్పటి నుంచీ అంత పెద్ద దొంగతనం పట్టుకోలేదు. సొంతతనాధికారి స్వయంగా కబురు పంపారు.

"కూర్చోండి మేడమ్. మీరు ఏ బొమ్మను దొంగిలించారో చూసే హక్కు మీకుంది" అన్నారు ఆయన మర్యాదగా. "కాకపోతే చూస్తే మళ్ళీ కాపీ కొట్టే ప్రమాదం ఉంది కదా. అందుకని చూడనని ఇక్కడ సంతకం పెట్టండి. పెట్టాక చూపిస్తాను."

పిన్ని చూడనని సంతకం పెట్టింది. ఆయన స్క్రీన్ ఆమె వైపు తిప్పారు.

అదే కూజా. అదే కిటికీ వెలుగు. నీడ అంచున అదే మెత్తదనం. కింది మూలన బొగ్గు అంటిన బొటనవేలి ముద్ర ఒకటి. కాగితం అక్కడ పట్టుకోవద్దని మాస్టారు ఎన్నిసార్లు చెప్పినా ఆమె వినేది కాదు. దాని పక్కనే చక్కటి గుండ్రటి అక్షరాల్లో పేరు, పుట్టింటి ఇంటిపేరుతో సహా. పిన్నికి కళ్ళనీళ్ళు తిరిగాయి. అధికారి దాన్ని నేరాంగీకారంగా నమోదు చేసుకున్నారు.

"ఇది నేనేనండీ" అంది.

"ఏది మేడమ్?"

"ఈ అమ్మాయి. ఇరవై ఏళ్ళ కిందట ఇక్కడే చదివాను. ఇది నేను గీసిన బొమ్మే."

"ఇంటిపేరు వేరే ఉందే?"

"అప్పుడు పుట్టింటి పేరుతో చేరాను. ఇప్పుడు అత్తింటి పేరు."

అధికారి కుర్చీలో వెనక్కి వాలారు. "సరే, మీరే అనుకుందాం. అప్పుడు కేసు ఇంకా బిగుసుకుంటుంది మేడమ్. పరాయివాళ్ళ బొమ్మ దొంగిలిస్తే పొరపాటు అనుకోవచ్చు. సొంత మనిషిని దోచుకుంటే నమ్మకద్రోహం కాదా?"

"మరి మిగతా రెండు శాతం?" అంది పిన్ని.

ఆయన మీట నొక్కారు. రెండు బొమ్మల్లో తేడా ఉన్న చోట ఎర్రటి సున్నా వెలిగింది. కూజా మూతి దగ్గర చిన్న పెచ్చు. పాత బొమ్మలో అది లేదు. మధ్యలో ఏ బ్యాచ్‌లోనో ఎవరో కింద పడేశారు. అంటే ఈ ఇరవై ఏళ్ళలో కూజా రెండు శాతం మారిందనీ, పిన్ని ఏమీ మారలేదనీ శాస్త్రీయంగా తేలిందన్నమాట.

సొత్తు పోగొట్టుకున్నవారి సమ్మతి ఉంటే కేసు మూసేయవచ్చునని అధికారి చెప్పారు. "సమ్మతి ఇప్పుడే ఇచ్చేస్తాను" అంది పిన్ని. నిందితురాలి చేతి మీదుగా ఫిర్యాది సమ్మతి తీసుకోవడం కుదరదన్నారు. రికార్డులో ఉన్న చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు వెళ్ళింది. అది పిన్ని పుట్టింటి చిరునామా.

రెండు రోజులకు వాళ్ళమ్మ ఫోన్.

"ఒసేయ్ అమ్మడూ! నీ పేరున కాలేజీ నుంచి కాగితం వచ్చిందే. నీ బొమ్మ ఎవరో దొంగిలించారట!"

"అమ్మా, అదేంటంటే..."

"నడివయసు మనిషట. సిగ్గుండక్కర్లా? అంత వయసొచ్చి చిన్నపిల్ల బొమ్మ ఎత్తుకుపోతుందా? దాన్ని మాత్రం వదలకు."

"అమ్మా, ఆ మనిషిని నేనే. నేనే మళ్ళీ గీశాను."

"నువ్వెందుకు దొంగవవుతావే? ఇదిగో, నీకు చిన్నప్పటి నుంచీ ఇదే జబ్బు. ఎవరేం పట్టుకుపోయినా పోనీలే అంటావు, పైగా తప్పు నీ మీదే వేసుకుంటావు. ఈసారి అలా కాదు. గట్టిగా నిలబడు. కావాలంటే నేనొస్తాను."

పిన్ని ఫోన్ పెట్టేసి, తనను వదలొద్దని తన తల్లే అంటున్నందుకు నవ్వాలో ఏడవాలో తెలియక, కూర కలిపింది.

భోజనాల దగ్గర ఇంట్లోవాళ్ళు కేసు చర్చించారు. పిన్ని భర్త ఏసీలు రిపేరు చేస్తాడు. ఏ సమస్యనైనా గ్యాస్ అయిపోయింది, నింపితే సరిపోతుంది అన్నంత తేలిగ్గా చూసే మనిషి. "ఇందులో ఆలోచించడానికేముంది? దొంగా నువ్వే, సొత్తూ నీదే. ఇంట్లో మాట ఇంట్లో సర్దుకో" అన్నాడు.

కూతురు ఫోన్‌లో నియమావళి తెరిచి చదివింది. "సమ్మతి ఇస్తే నువ్వు పాసమ్మా. కానీ ఒకేలాంటివి రెండు బొమ్మలు రికార్డులో ఉండకూడదట. పాతదాన్ని చెరిపేసి, కాగితం మిషన్‌లో వేసి చింపేస్తారు. సమ్మతి ఇవ్వకపోతే పాతది ఉంటుంది. నువ్వు ఫెయిల్. ఇక ఎప్పటికీ చేరనివ్వరు."

"చింపేస్తారా?"

"ఎప్పటిదో పాత కాగితమేగా! ఇన్నేళ్ళూ అదొకటి ఉందని నీకే తెలీదు. పోతే పోయింది. నీకు ల్యాబ్ కావాలా, ఆ కాగితం కావాలా?"

కూతురు చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. పిన్ని కూడా సరేనంది. పోనీలే అనుకుంది. ఆ మాట అనుకోవడం ఆమెకు ఎంత అలవాటంటే, అనుకున్నట్టు కూడా ఆమెకు తెలియలేదు.

విచారణ సమావేశ మందిరంలో జరిగింది. బల్లకు ఆ పక్క ప్రిన్సిపాల్ గారు, సొంతతనాధికారి, డ్రాయింగ్ మాస్టారు. ఒక మూల టైపిస్టు. ఈ పక్క రెండు కుర్చీలు. ఒకటి ఫిర్యాదికి, దిండుతో. రెండోది నిందితురాలికి, దిండు లేకుండా. పిన్ని వినయంగా దిండు లేని కుర్చీలో కూర్చుంది.

"నిందితురాలు హాజరు. ఫిర్యాది గైర్హాజరు" అని టైపిస్టు టైపు చేసింది.

"అయితే వాయిదా వేద్దామా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు ఆశగా.

పిన్ని గబగబా లేచి దిండు కుర్చీలోకి మారింది. "వచ్చానండీ."

"ఫిర్యాది హాజరు. నిందితురాలు లేచి వెళ్ళిపోయారు" అని టైపు పడింది.

ఈ చిక్కు విప్పడానికి కాఫీలు తెప్పించారు. చివరికి, ఎవరిని ప్రశ్న అడిగితే వారి కుర్చీలోకి మారుతూ ఉండాలనీ, ఆ మార్పును అనుమతి లేకుండా లేచినట్టు పరిగణించరాదనీ ప్రత్యేక ఉత్తర్వు వెలువడింది. కాఫీ నిందితురాలికి ఇవ్వలేదు. ఫిర్యాదికి ఇచ్చారు.

"నిందితురాలు చెప్పాలి. ఫిర్యాది బొమ్మను మీరు ఇంతకుముందు చూశారా?"

పిన్ని దిండు లేని కుర్చీలోకి మారింది. "చూశానండీ. గీసేటప్పుడు."

"పక్కనే ఉండి చూశారన్నమాట" అన్నారు అధికారి గంభీరంగా. టైపిస్టు ఆ మాట కింద గీత గీసింది.

అప్పుడు ప్రిన్సిపాల్ గారికి ఒక నిబంధన గుర్తొచ్చింది. వివాదంలో ఉన్న సొత్తుకు విలువ కట్టకుండా తీర్పు ఇవ్వకూడదు. బొమ్మకు విలువ అంటే మార్కులు. పాత బొమ్మకు మార్కుల గడి ఖాళీగా ఉంది. అసలు కాగితాన్ని స్టోర్ రూమ్ నుంచి తెప్పించి మాస్టారి ముందు పెట్టారు.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు చూశారు. కాగితాన్ని దూరంగా పెట్టి చూశారు. దగ్గరగా పెట్టి చూశారు.

"ఈ అమ్మాయి నాకు గుర్తుంది. కిటికీ పక్కన కూర్చునేది" అన్నారు. "మార్కులు వేద్దామని అనుకునే లోపే రావడం మానేసింది. ఎందుకు మానేసిందో ఎవరూ చెప్పలేదు." తలెత్తి పిన్నిని చూశారు. "మీకంటే సన్నగా ఉండేది."

"అవునండీ" అంది పిన్ని.

"చెయ్యి ఉన్న పిల్లండీ. ఊరికే వచ్చేది కాదు ఇలాంటి చెయ్యి. అప్పుడే చెబుదామనుకున్నాను. రేపు చెబుదాంలే, రేపు చెబుదాంలే అని..." ఆయన గడిలో తొంభై అని వేశారు. ఆయన సర్వీసులో ఎవరికీ డెబ్బై దాటి వేయలేదు.

పిన్ని ఎన్నేళ్ళుగానో వినాలనుకున్న మాట ఇది. విన్నది దిండు లేని కుర్చీలో కూర్చుని, ఇంకెవరి గురించో అన్నట్టు. అయినా విన్నది. చాలా సంతోషంగా ఉంది. ఆ సంతోషం వెనకాలే ఎందుకో పట్టరాని కోపం కూడా వచ్చింది.

"ఇంకేముంది, ముగిద్దాం" అన్నారు ప్రిన్సిపాల్ గారు గడియారం చూసుకుని. "ఫిర్యాది సమ్మతి ఇస్తున్నారు కదా? నిందితురాలి కొత్త బొమ్మకు పాస్ మార్కులు. పాతది రద్దు."

అధికారి చింపే మిషన్‌ను ప్లగ్గులో పెట్టారు.

పిన్ని లేచింది. దిండు కుర్చీ దగ్గరికి నడిచి, దిండు సరిచేసుకుని, నిటారుగా కూర్చుంది.

"ఇవ్వనండీ" అంది.

టైపిస్టు ముందే టైపు చేసి పెట్టుకున్న 'సమ్మతి' అన్న మాటను కొట్టేసింది.

"మేడమ్, ఆలోచించుకోండి" అన్నారు అధికారి ఆ ఖాళీ కుర్చీ వైపు చూపిస్తూ. "మీరు ఇవ్వకపోతే పాపం, ఆవిడ ఫెయిలైపోతుంది."

"ఆవిడ సర్దుకుంటుంది లెండి. ఆవిడకు అలవాటే" అంది పిన్ని. "ఈ పిల్ల మార్కులు తెలుసుకోకుండానే వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళకు తొంభై వచ్చాయి. ఇప్పుడు మళ్ళీ ఈ పిల్లనే ఆగమంటారా? ఆ కాగితం నేను చింపనివ్వను."

మాస్టారు తల వంచుకుని కూజా బొమ్మను రెండు చేతులతో తన వైపు లాక్కున్నారు. ప్రిన్సిపాల్ గారు మాత్రం ఉప్పొంగిపోయారు. ఇంతవరకూ సొత్తు పోగొట్టుకున్నవాళ్ళెవరూ ఇంత గట్టిగా నిలబడలేదనీ, కాలేజీ తీర్మానం ఆశించింది సరిగ్గా ఇలాంటి విద్యార్థినులనేననీ అన్నారు. ఫిర్యాదికి కరచాలనం చేసి, నిందితురాలిని కోర్సు నుంచి శాశ్వతంగా బహిష్కరించారు.

సర్టిఫికెట్ పుట్టింటికి వెళ్ళింది. ఫస్ట్ క్లాస్, కిందనే రెండో ఏడు కంప్యూటర్ ల్యాబ్‌లో సీటు ఇస్తున్నట్టు ఆహ్వానం. వాళ్ళమ్మ ఫోన్ చేసి, "చూశావా, గట్టిగా నిలబడితే ఎలా ఉంటుందో!" అని వీధంతా వినబడేలా మురిసిపోయింది. పిన్ని ఆ కాగితం తెప్పించుకుని, కూతురిని వెంటబెట్టుకుని ల్యాబ్‌కు వెళ్ళింది. గుమ్మం దగ్గరి కెమెరా ఆమె ముఖం చూసి, బహిష్కృతురాలు అని ఎర్రదీపం వెలిగించింది.

సొంతతనాధికారి బయటికి వచ్చి ఎంతో బాధపడ్డారు. "ఆ అమ్మాయికి సీటు అట్టే పెట్టాం మేడమ్. ఎప్పుడొచ్చినా చేర్చుకుంటాం. మీరు మాత్రం రాకూడదు."

"మీరే మీట నొక్కి లోపలికి పంపండి సార్, కెమెరా పొరపడింది" అంది కూతురు ఆయనతో గొడవ పెట్టుకుని. అలా పంపాలంటే ఫిర్యాది దరఖాస్తు చేసుకోవాలి. ఫిర్యాది స్వయంగా హాజరు కావాలి. హాజరు కావాలంటే ఆ గుమ్మం దాటాలి.

తీర్పు సాధించిన ఘనవిజయానికి గుర్తుగా ఆ పాత బొమ్మకు ఫ్రేము కట్టించి, కాలేజీ ప్రవేశ హాలులో సందర్శకులు చూసేలా పెట్టారు. కింద పేరు, తొంభై మార్కులు. ఒక ఆదివారం పిన్నీ, కూతురూ సందర్శకుల పాసు తీసుకుని చూడ్డానికి వెళ్ళారు. గాజు వెనక కూజా మూతి నున్నగా, పెచ్చు లేకుండా మెరుస్తోంది. పిన్ని దాని పక్కన నిలబడి కొంగు సర్దుకుంది. కూతురు ఫోన్ ఎత్తింది.

"ఫోటో తీయకూడదమ్మా, కాపీ కిందికి వస్తుంది" అన్నాడు అక్కడి సెక్యూరిటీ ఆయన, కాస్త పక్కకు జరగమని పిన్నికి చెయ్యి ఊపుతూ. "మీరలా అడ్డంగా నిలబడకండి మేడమ్. జనం బొమ్మ చూడాలి."

"గీసినావిడ ఒప్పుకుంటే తీసుకోవచ్చా?" అని అడిగింది కూతురు.

"తీసుకోవచ్చు. కానీ ఆవిడ ఎక్కడ దొరుకుతుందమ్మా?" అన్నాడు ఆయన జాలిగా, బొమ్మ వైపు చూస్తూ. "పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిందట. ఆ తర్వాత ఎవరూ చూడలేదట."